అరబ్బీ నవలలో పౌరుష భారము



పౌరుషమన్నచో తెలుగువానికి పరాక్రమమును, రోషమును ఒక్కమారే స్ఫురించును. అరబ్బీ వారు దీనిని ‘రుజూల’ అందురు. కుటుంబమును పోషించుట, ఆడినమాట తప్పకుండుట, కన్నీరు కనబడనీయకుండుట అందలి లక్షణములు. ఈ ఆదర్శము స్త్రీలను అణచినదని పలువురు చెప్పుదురు; అది నిజమే. దానిని మోయు పురుషుని వెన్ను కూడ విరుగునని అరబ్బీ నవలాకారులు కొందరు చూపిరి.

1988లో నోబెల్ బహుమానమందిన ఈజిప్టు రచయిత నజీబ్ మహ్‌ఫూజ్ 1956, 1957 సంవత్సరములలో కైరో నగర జీవితముపై మూడు నవలలు ప్రకటించెను. అందలి వర్తకుడు అహ్మద్ అబ్దుల్ జవాద్ రాత్రులు మిత్రగోష్ఠిలో అందరిని నవ్వించును. ఇంట అడుగు పెట్టగనే ఆ ముఖము రాయియగును. కుమారుడు ఫహ్మీ పొరుగింటి పిల్లను పెండ్లాడ గోరగా త్రోసివైచెను. 1919 నాటి ఉద్యమమున పాల్గొననని ఖురానుపై ప్రమాణము చేయుమనెను. ఎన్నడును ఎదురాడని కుమారుడు ఆనాడు ప్రమాణము చేయలేదు. ఊరేగింపులో తుపాకిగుండ్లకు బలియయ్యెను. పిమ్మట ఐదేండ్లు ఆ తండ్రి స్త్రీ విలాసములకు దూరమయ్యెను. బిడ్డపై ప్రేమ లేనివాడు కాడు. వాడు బ్రదికియుండగా దానిని చూపు విధమే యెరుగడు.

ఇంతకంటె కఠినమైనది పాలస్తీనా రచయిత గస్సాన్ కనఫానీ 1963లో వెలువరించిన ‘ఎండలో మనుష్యులు’ అను చిన్న నవల. నీళ్ల టాంకరు లారీ నడుపు అబుల్ ఖైజురాన్ 1948 యుద్ధమున గాయపడి పుంస్త్వమును కోల్పోయినవాడు. పనికై కువైట్ పోవు మువ్వురు పాలస్తీనీయులను ఖాళీ టాంకులో దాచి, ఆగస్టు ఎండలో సరిహద్దు దాటింపబూనెను. మొదటి ఠాణాలో పని కొలది నిమిషములలో ముగిసెను. రెండవచోట ఉద్యోగి సంతకము చేయక, బస్రా నర్తకితో ఇతనికి గల సంబంధమును వర్ణింపుమని పట్టుబట్టెను. సంతకమునకై నిలువబడిన మనిషి యవస్థ కార్యాలయములలో పనిచేయువారికి వేరుగ చెప్పనక్కరలేదు! ఒక్క నిజమైన మాటతో ఆ పరిహాసము ఆగును. ఆ మాటకు మాత్రము అతనికి నోరాడదు. మింగ మెతుకు లేకున్నను మీసములకు సంపెంగనూనె కావలెను. తిరిగివచ్చి మూత తెరచునప్పటికి మువ్వురును మరణించియుండిరి. విమర్శకులు దీనిని పాలస్తీనా నాయకత్వముపై వ్యంగ్యముగా గ్రహింతురు. సరియే, కాని ఆ ఠాణాలోని నవ్వును మరచినచో కథలో సగము పోవును.

లెబనాను రచయిత్రి హుదా బరకాత్ 1990లో ప్రకటించిన ‘నవ్వుల రాయి’ అంతర్యుద్ధ కాలపు బేరూతు కథ. ఖలీల్ మృదుస్వభావుడు. బాంబుల మ్రోత ఆగినంతనే గది ఊడ్చి తుడిచి సర్దుకొనును. తుపాకి పట్టిన యువకులలో కలియలేడు. ప్రియమైనవారు ఒక్కొక్కరే హతులగుదురు. తుదకు ఆ పట్టణమున మగవాడుగా బ్రదుకుటకు మిగిలిన త్రోవ ఆయుధమొక్కటే యని అతడును అందు చేరును, స్త్రీని చెరచునంతటి వాడగును. అంతవరకు చాటుననుండి కథ చెప్పుచుండిన స్త్రీకంఠము అప్పుడు బయలుపడి, దూరమగుచున్న అతనికై వగచును.