దుబాయి ఎంత దూరం?



పాలమూరు జనానికి దూరాలు కొత్త కాదు. మట్టి పనికి, కట్టడం పనికి దేశమంతా తిరిగిన జనం. బొంబాయికి, పుణేకు బస్సెక్కారు. ఆ తర్వాత కొందరు దుబాయికి విమానం ఎక్కారు.

ఉప్పునుంతల నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి సుమారు 100 కిలోమీటర్లు. అది 2008 మార్చిలో మొదలైంది. అంతకు ముందు బేగంపేటలో ఎక్కేవారు. శంషాబాద్ నుంచి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి బొంబాయికి రోడ్డు మీద సుమారు 700. అంటే దుబాయి మూడింతలకు పైగా దూరం. అయినా బొంబాయి బస్సుకు రాత్రంతా పడుతుంది. దుబాయి విమానానికి నాలుగు గంటలు చాలు.

ఇప్పుడు టికెట్ చూడండి. శంషాబాద్‌లో పొద్దున 4 గంటలకు బయలుదేరుతుంది. దుబాయిలో 6:30కు దిగుతుంది. తిరుగు టికెట్ మీద రాత్రి 10కి బయలుదేరి, ఇక్కడ తెల్లవారి 3కు దిగుతుందని ఉంటుంది. "పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలా? విమానం మెల్లగ వస్తదా?" అని ఎవరైనా అడుగుతారు.

కాదు. దుబాయి మనకు పడమర. పొద్దు ముందు మనకు పొడుస్తుంది. అందుకే వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. పోయేటప్పుడు గంటన్నర కలపండి, నాలుగు గంటలు. వచ్చేటప్పుడు గంటన్నర తీసేయండి, మూడున్నర గంటలు.

ఆ అరగంట తేడా ఎందుకు? చలికాలంలో పది కిలోమీటర్ల ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి. వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. వాగులో ఎదురీదడం వేరు, వాలుకు ఈదడం వేరు కదా!

ఇంకొకటి మరవద్దు. విమానం టైము 24 గంటల లెక్కలో ఉంటుంది. 21:30 అంటే రాత్రి తొమ్మిదిన్నర. టికెట్ మీద 12వ తేదీ, 00:40 అని ఉంటే, అది 11వ తేదీ అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలకు. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. కాబట్టి 11వ తేదీ సాయంత్రం ఐదింటికే ఊరు దాటాలి. 12వ తేదీ సాయంత్రం దాకా ఆగితే విమానం ముందు రాత్రే పోయి ఉంటుంది. అప్పు చేసి కొన్న టికెట్ నీళ్లపాలు.

ఏజెంటు చెప్పాడని ఊరుకోవద్దు. విదేశీ పనికి పంపేవారికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలని 1983లోనే చట్టం వచ్చింది. లైసెన్సు చూపమనండి. టికెట్ చేతికి తీసుకుని, పేరు, తేదీ, టైము మీరే చదవండి. ఇంట్లో ఆడవాళ్లూ చదవాలి.

చివరికి ఒక లెక్క. ఇక్కడ రాత్రి 9 గంటలు. దుబాయిలో ఎంత? ఏడున్నర అన్నవారు అక్కడున్న మనిషికి ఎప్పుడు ఫోను చేయాలో తెలిసినవారే.