కారు ఒక పక్కకే లాగుతోందా?

మా కొత్తచెరువుకు అట్టే దూరం లేని ఎర్రమంచిలో 2019 నుంచి కార్లే తయారవుతున్నాయి. అయినా చక్రాల సంగతి మనకెందుకులే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. గుంతలో పడ్డాక మా కారు కుడికి లాగేది. "రోడ్డు వాలులే" అన్నారు మావారు. ఒకరోజు ఎదురుగా లారీ! గుండె ఝల్లుమంది.

మొదట టైర్లలో గాలి సమంగా ఉందేమో చూడండి. అప్పటికీ లాగితే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ఎదుట నిలబడి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరగడం క్యాంబర్. రెంటికీ అది సమంగా లేకుంటే బండి పక్కకు లాగుతుంది. పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు దగ్గరగా ఉండడం టో-ఇన్. దీన్ని టై రాడ్ తిప్పి సరిచేస్తారు. కొలత తప్పితే టైరు ఒక అంచునే అరుగుతుంది.

ఒక్క చుక్క జరిగితే ముగ్గంతా వంకరే కదా! చక్రమూ అంతే. "తర్వాత చూద్దాం" అంటే ఊరుకోకండి.