హనుమంతుఁడును సుషేణుఁడును



యుద్ధకాండలో లక్ష్మణుఁడు మూర్ఛిల్లినపుడు ఓషధి పేరు చెప్పినవాఁడు సుషేణుఁడు. గిరిని మోసి తెచ్చినవాఁడు హనుమంతుఁడు. ఆ యిరువురిలో నొక్కరు లేకున్నను లక్ష్మణుని ప్రాణము నిలిచెడిది కాదు.

హైదరాబాదున జూబిలీ హిల్సులో 1988లో అపోలో ఆసుపత్రి వెలసినది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 108 అంబులెన్సు సేవ యారంభమైనది. ఆసుపత్రి సుషేణుఁడైనచో ఆ బండి హనుమంతుఁడు.

గుండెకు రక్తము గొనిపోవు నాళము మూసికొన్నది మొదలు కండరము చచ్చుచుండును. రోగి ఆసుపత్రి చేరిన 90 నిమిషములలో నాళమును తెరువవలెనని వైద్యులు గడువు పెట్టుకొనిరి. నేను గ్రామ లెక్కలు వ్రాయువాఁడను. ప్రారంభపు నిల్వ విడిచిన లెక్క లెక్కగాదని యెఱుఁగుదును. ఇచట ప్రారంభపు నిల్వ నొప్పి పుట్టిన నిమిషమే. బండిలోనే ఇ.సి.జి. తీసి ముందుగాఁ బంపినచో, రోగి చేరునప్పటికి వైద్యులు సిద్ధముగా నుందురు. హనుమంతుఁడు ఓషధిని గుర్తింపలేక గిరినే తెచ్చెను. ఈ దూత వ్యాధిని గుర్తించి ముందే కబురంపును.

వైద్యునికి దండ వేయుదుము. అర్ధరాత్రి బండి తోలినవాని పేరైన నడుగము. ఇది న్యాయము గాదు. ఎదనొప్పిని వాయువని తలఁచి వాము నమలుచుఁ గూర్చుండక, తక్షణమే 108కి ఫోను చేయుఁడు. వారికి మనము చేయఁగల నిజమైన సత్కార మదియే.