హాట్ రాడ్: రాజీలు, చింతలు

పాత కారును విప్పి, బరువు తగ్గించి, బలమైన ఇంజిన్ బిగించి వేగానికి మలచిన బండి హాట్ రాడ్. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రకారు మురాక్ వంటి ఎండిన సరస్సుల మీద వీటి వేగం తేల్చుకునేవారు. అందరి కన్నూ 1932 ఫోర్డ్ మీదే.

దానితో వచ్చిన ఫ్లాట్‌హెడ్ వి8 ఇంజిన్ శక్తి 65 హార్స్‌పవర్. దాన్నే ఉంచితే పాతదనం నిలుస్తుంది గానీ, ఎగ్జాస్ట్ వాయువులు సిలిండర్ బ్లాకు గుండానే బయటికి పోవడంతో తొందరగా వేడెక్కుతుంది. 1955లో వచ్చిన షెవ్రొలే చిన్న వి8 ఆ బాధ తప్పించింది. ఫోర్డులో షెవ్రొలే ఇంజినేమిటని ముక్కు విరిచేవారు మాత్రం నేటికీ ఉన్నారు.

ఫైబర్‌గ్లాస్ బాడీ తుప్పు పట్టదు, చవక కూడా. అమ్మబోతే అసలు ఉక్కు బాడీకి పలికే ధర పలకదు. గట్టిగా బాధపెట్టేది కప్పు కోత. మూడు నాలుగు అంగుళాలు కుదిస్తే బండికి అందమే వేరు, కానీ పొడుగరి తల పైకి తగులుతుంది, ఎదురుగా ఉన్న సిగ్నల్ దీపం చూడాలంటే మెడ వంచాలి. కోసింది మళ్లీ అతికించడం మహా కష్టం.

ఇంజిన్‌కు పోసిన డబ్బులో కొంతైనా బ్రేకులకు పెట్టకపోవడం ఇంకో తప్పు. 1939 మోడల్ వచ్చేదాకా ఫోర్డ్ కార్లకు హైడ్రాలిక్ బ్రేకులే లేవు. ఎవరో సగంలో వదిలేసిన బండి కొనేవారు రంగు మెరుపు కన్నా ముందు ఛాసిస్ వెల్డింగు చూడాలి.