ఎంజైము పరీక్ష – అరుదైన వంశవ్యాధుల నిర్ణయము



పుట్టినపుడు ఆరోగ్యముగ నున్న బిడ్డకు కొంతకాలమునకు పొట్ట పెరుగును, ప్లీహము, కాలేయము ఉబ్బును, ఒళ్లు పాలిపోవును. తల్లిదండ్రులు వైద్యశాలలు తిరుగుదురు, మ్రొక్కులు మ్రొక్కుదురు. కడకు లోకము తల్లిని నిందించును. ఆ నింద ఎంత అన్యాయమో తెలియుటకు వ్యాధి మూలము నెరుగవలెను.

దేహమందలి జీవకణములలో లైసోసోములను సూక్ష్మకోశములు గలవు. 1955 లో బెల్జియము శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డ్యూవ్ వీనికి ఆ పేరు పెట్టెను. 1974 లో నోబెల్ బహుమానమందు భాగము పొందెను. చెత్తను పెంటకుప్పకు చేర్చి రైతు ఎరువు చేయునట్లు, ఈ కోశములు పాత పదార్థములను విరిచి మరల వాడుకకు అందించును. ఆ పని చేయునవి ఎంజైములు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని. ఒకటి లోపించినచో, అది విరువవలసిన పదార్థము పేరుకొని కణమును చెరచును. ఇట్టి వ్యాధులు 50 కి పైగా గలవు. పాంపే వ్యాధికి మూలమైన లోపమును 1963 లో హెర్స్, గోషే వ్యాధికి మూలమైన లోపమును 1965 లో అమెరికాలో బ్రేడీ బృందము కనుగొనిరి.

లోపమును కనిపెట్టు విధానము సులభగ్రాహ్యము. రోగి రక్తమునుండి తెల్లకణములను వేరుచేసి, వానిని పగులగొట్టి, అందలి ఎంజైమును వెలికి తీయుదురు. వెలుగునిచ్చు రసాయనమును జతచేసిన కృత్రిమ పదార్థమును దానితో కలిపి, 37 డిగ్రీల వేడిలో ఉంచుదురు. ఎంజైము ఆ జతను విడదీసిన మేరకే, అతినీలలోహిత కాంతిలో నీలపు వెలుగు కనబడును. వెలుగు హెచ్చైన ఎంజైము గలదు. మిక్కిలి తక్కువైన లోపము గలదు. లెక్క సరిచూచుటకు ఆరోగ్యవంతుని రక్తమును పక్కనే పరీక్షింతురు. అదే రోగి రక్తములో మరియొక ఎంజైమును గూడ కొలుతురు. అదియు తగ్గినచో రక్తము దారిలో చెడినదని శంకింతురు. లోపము తేలిన పిదప జన్యుపరీక్షతో స్థిరపరతురు. కాగితముపై ఎండబెట్టిన రక్తపు చుక్కతోను తొలిపరీక్ష సాధ్యము.

ఇందుకు సముద్రములు దాటనక్కరలేదు. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ కేంద్రమును, నిమ్స్ వైద్యసంస్థను కలిపి 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానము విశిష్ట కేంద్రముగ గుర్తించెను. 2022 లో సహాయపు పరిమితి 50 లక్షల రూపాయలకు పెరిగెను. గోషే వ్యాధికి లోపించిన ఎంజైమును సూదిమందుగ నిచ్చు చికిత్స 1991 లో అమెరికాలో ఆమోదము పొందెను. అయితే ఆ మందు మెదడును చేరజాలదు. కావున మెదడుకు సోకిన తరగతులలో దాని ప్రయోజనము పరిమితము.

ఇక నిందమాట. ఈ వ్యాధులలో పెక్కింట తల్లియు తండ్రియు చెరియొక లోపజన్యువును మోయుచుందురు. వారికి ఏ బాధయు నుండదు. వారి ప్రతి గర్భమందును బిడ్డకు వ్యాధి కలుగుటకు నాల్గింట ఒక పాలు అవకాశము గలదు. మేనరికములలో ఈ లోపములు కలిసికొనుట హెచ్చు. ఫాబ్రీ వంటి కొన్నిట క్రమము వేరు. అచటను ఎవరి పాపమును లేదు. మొదటి బిడ్డ వ్యాధి నిర్ణయమైనచో, రెండవ గర్భమందు ముందుగనే పరీక్షించుటకు వీలు కలుగును. నిర్ణయము కాక ఆ బిడ్డ పోయినచో, ఆ దారి చాలవరకు మూసుకొనిపోవును.

కావున మట్టెవాడలో ఏ యింట నైనను కారణము తెలియక బిడ్డ క్షీణించుచున్నచో, ఆ తల్లిని అడుగవలసినది "ఏ పాపము చేసితివి?" అని కాదు, "ఎంజైము పరీక్ష జరిగినదా?" అని. ఇరువదియైదేండ్లు అక్షరదీపము వెలిగించిన గ్రంథాలయము ఈ యొక్క ప్రశ్నను ఇంటింటికి చేర్చినను, రజతోత్సవము సార్థకమగును.