బిడ్డల్ని పెంచడం మనకు చేతకాదా?

(ఆత్మకూరు దళితవాడలో తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడల్లో అందరి చెవినా పడిన మాట ఒకటుంది. "వీళ్లకు కనడమే గానీ పెంచడం తెలీదు." బడిలో అంటారు, ఆస్పత్రిలో అంటారు, ఆఫీసుల్లో అంటారు. నాలుగక్షరాలు నేర్చి ఉద్యోగాలు చేసే మనవాళ్లు కూడా అంటున్నారు. అది మనకు ఇంకా పెద్ద బాధ. ఈ పూట ఆ మాట సంగతే తేల్చుకుందామని మీ ముందు నిలబడ్డాం.

పత్తి తీసే కాలంలో మన ఆడమనిషి ఒక దినం ఎట్లా గడుస్తుందో చూడండి. కోడి కూయకముందే లేస్తుంది. రొట్టెలు కాల్చి, ఊరిబిండి నూరి, ఆటో ఎక్కి పోతుంది. పొద్దు గూకినాక వస్తుంది. ఆమె పోయేటప్పటికి బిడ్డ లేచి ఉండదు. వచ్చి సంగటి కెలికేటప్పటికి బిడ్డ నిద్రపోతుంది. ఇంక బిడ్డ పలక ఎప్పుడు చూడాలి? బడిలో మీటింగుకు ఎప్పుడు రావాలి? ఉద్యోగస్తుడు సెలవు పెట్టి బిడ్డ బడికి పోతే ఆయన జీతం ఆగదు. మన తల్లి పోతే ఆ దినం కూలి పోతుంది. ఒకే పని. ఒకరికి అది పుణ్యానికి దొరుకుతుంది, ఇంకొకరు దాన్ని పూట కూటితో కొనుక్కోవాలి. ఈ తేడా చూడకుండా "శ్రద్ధ లేదు" అనడం న్యాయమా?

ఇంకో సంగతి. ఊళ్లో మనల్ని గడప తొక్కనియ్యని వాళ్లే పట్నం పోయి, మన ఆడబిడ్డల చేతనే తమ పిల్లల్ని ఎత్తించుకుంటున్నారు, తినిపించుకుంటున్నారు. వాళ్లింట్లో చేతనైన పని మనింట్లో ఎట్లా చేతకాకుండా పోయింది?

ఆదోని, కోసిగి పక్క ఊళ్లు చూడండి. వాన లేక పంట పోతే ఇంటికి తాళమేసి గుంటూరు పక్క మిరపకాయలు కోయను పోతారు. సుగ్గికి పోయినారంటారు. నెలల తరబడి అక్కడే గుడిసెలు. బిడ్డను వెంట తీసుకపోతే బడి పోతుంది, ముసలవ్వ దగ్గర వదిలిపోతే తల్లి పోతుంది. ఏది చేసినా తప్పు పట్టేది ఆ తల్లినే. మన ఆత్మకూరు పక్క 1981లో శ్రీశైలం నీళ్లొచ్చి కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగినాయి. పట్టా ఉన్నవాడి భూమికి లెక్క కట్టారు. ఆ భూమిలో కూలి చేసుకొని బిడ్డల్ని సాకేవాడి పని మునిగితే దానికి లెక్క కట్టిందెవరు?

బాబాసాహెబ్ ఇంటి సంగతే చెప్పుకుందాం. ఆయన తండ్రి రాంజీ, కొడుకు అడిగిన పుస్తకం కొనడానికి పెళ్లయిన కూతుళ్ల దగ్గర నగ అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవాడు. పెన్షను రాగానే విడిపించి ఇచ్చేవాడు. ఈ కథ చెప్పి "తండ్రంటే అట్లా ఉండాల" అంటాం. నిజమే. కానీ ఆ ప్రేమ వెనకాల సుబేదారుకు వచ్చే పెన్షను ఉంది, దాన్ని మరవొద్దు. అదే బాబాసాహెబ్‌కు, రమాబాయమ్మకు ఐదుగురు బిడ్డలు పుడితే నలుగురు పసితనంలోనే పోయినారు. యశ్వంత్ ఒక్కడే మిగిలినాడు. ఆ తల్లిదండ్రులకు ప్రేమ తక్కువైందని అనగల మొనగాడు ఎవడన్నా ఉన్నాడా?

దూరదేశం ముచ్చట ఒకటి వినండి. అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో చెరోకీలనే ఆదివాసులున్నారు. ఆ ప్రాంతంలో 1993 నుంచి 1,420 మంది పిల్లల్ని పరిశోధకులు ఏటేటా చూస్తూ వచ్చారు. అందులో నాలుగోవంతు ఆదివాసీ పిల్లలు. మధ్యలో, 1996 నుంచి, చెరోకీ తెగ తన జూదశాల ఆదాయంలోంచి తెగలో ప్రతి మనిషికీ ఆరునెలలకోసారి డబ్బు పంచడం మొదలుపెట్టింది. పేదరికంలోంచి బయటపడిన ఇళ్లలో పిల్లల కొట్లాటలు, మొండితనం తగ్గి, ఎన్నడూ పేదరికం ఎరగని పిల్లలతో సమానమైనాయని 2003లో తేల్చారు. ఆ తల్లిదండ్రులకు పెంపకం పాఠాలు ఎవరూ చెప్పలేదు. డబ్బు రావడంతో బిడ్డల్ని కనిపెట్టుకొని ఉండే తీరిక వచ్చింది, ముఖ్యమైన కారణం అదేనన్నారు. పిల్లల్లో దిగులు, బెంగ మాత్రం డబ్బుతో తగ్గలేదని కూడా వాళ్లే చెప్పారు.

ఇక్కడ మన తప్పులు కూడా మనం ఒప్పుకోవాల. ఇంటికి రావలసిన కూలి దోవలోనే సారా అంగట్లో ఆగిపోతే ఆదాయం పెరిగి ఏం లాభం? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకొని ఈ లెక్కే అడిగినారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. తర్వాత మందు మళ్లీ వచ్చింది, అది వేరే కథ. కానీ తల్లి చేతికొచ్చిన రూపాయి బిడ్డ నోటికి చేరుతుందని వాళ్లు చూపించినారు. ఇంకొకటి, చంటిపిల్లోన్ని చూసుకోమని పెద్దపిల్లను బడి మాన్పిస్తున్నాం. కొడుకును మాన్పించం. ఇది పేదరికం ఒక్కటే చేయించే పని కాదు, మన మగబుద్ధి కూడా చేయిస్తుంది.

సర్కారు ఏమీ చెయ్యలేదని మేము అనం. 2020 జనవరిలో అమ్మఒడి వచ్చింది, తల్లికి ఏడాదికి 15,000 రూపాయలన్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది, చదివే ప్రతి బిడ్డకూ అన్నారు. మంచిదే. లెక్కేస్తే దినానికి 41 రూపాయలు. దానికి 75 శాతం హాజరు ఉండాల. సుగ్గికి పోయిన బిడ్డకు ఆ హాజరు ఎట్లా వస్తుంది? అందరికంటే లేనివాడే జాబితాలోంచి జారిపోతాడు. కూలోని బిడ్డ పశువుల వెంట పోక తప్పదని, వాళ్లను బడికి రప్పించాలంటే స్కాలర్‌షిప్పులు ఇవ్వాలని 1882లోనే హంటర్ కమిషన్ ముందు మహాత్మా ఫూలే చెప్పినాడు. ఆయన తల్లిదండ్రుల్ని తిట్టలేదు, వాళ్ల బతుకు లెక్క చూసినాడు.

కాబట్టి మనం అడగవలసినవి అడుగుదాం. ఊళ్లోనే పని కావాల, న్యాయమైన కూలి కావాల. పొద్దు పొడవకముందే తెరిచే పిల్లల కేంద్రం కావాల. సుగ్గి బండ్లు కదిలినాక కాదు, కదలకముందే సీజనల్ హాస్టలు తెరవాల. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాల. ఆ కుర్చీల్లో మన అమ్మలు కూర్చోవాల. మీటింగు రాత్రిపూట, కూలికి పోయి వచ్చినాక పెట్టమని అడగాల.

"మీకు పెంచడం రాదు" అని రేపు ఎవరన్నా అంటే తల దించుకోవద్దు. "అయ్యా, మా దినానికి కూలి ఎంతో, మా బిడ్డ దగ్గర కూర్చోవడానికి మాకు మిగిలే పొద్దు ఎంతో ముందు లెక్క చెప్పండి" అని అడగండి. ప్రేమ మనకు కొదవ లేదు. కొదవైంది పొద్దు. దాన్ని మన నుంచి గుంజుకున్నవాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకుందాం.

జైభీమ్!