వెనుక ఇరుసు, వెనుక బ్రేకులు

పాత కారును కొని, దానికి బలమైన యంత్రమును అమర్చి, నిత్యము వీథులలో నడుపుకొనుట అమెరికా దేశమున అనేకులకు గల ముచ్చట. అయితే చేతిలోని సొమ్ములో అధికభాగము యంత్రమునకే ఖర్చగును. ఇరుసు, బ్రేకుల వంతు కడపట వచ్చును. ఈ వరుస తలక్రిందులైనదని మనవి చేయుటకే నేడు మేము పూనుకొన్నాము.

మొదట ఒక చిన్న లెక్క. కారు వేగము రెండింతలైనచో దాని గమనశక్తి నాలుగింతలగును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండిని నిలుపునపుడు బ్రేకులలో ఎంత వేడి పుట్టునో, 100 కిలోమీటర్ల వేగమున అంతకు నాలుగు రెట్లు పుట్టును.

ఇక ఇరుసు మాట. యంత్రపు బలము చక్రములకు చేరు కడపటి త్రోవ ఇదియే. బలము మితిమీరినచో పళ్ళచక్రముల పళ్ళు విరుగుటయో, ఇరుసు కడ్డీ తెగుటయో సంభవించును. కొన్ని ఇరుసులలో కడ్డీని లోపలి కొనయందు ఒక చిన్న బిళ్ళ మాత్రమే పట్టియుంచును. కడ్డీ తెగినచో అది చక్రముతో సహా బయటికి జారిపోవచ్చును. ఫోర్డు వారు 1957 నుండి 1986 వరకు వాడిన 9 అంగుళముల ఇరుసులో కడ్డీని చక్రము వైపుననే, బేరింగు వద్ద బిగింతురు. అందుచేత దానికి నేటికిని గిరాకి గలదు.

పళ్ళ నిష్పత్తిని కూడ విచారింపవలెను. చక్రపు చుట్టుకొలత 2 మీటర్లనియు, టాపు గేరు నేరుగా నడచుననియు అనుకొందము. 100 కిలోమీటర్ల వేగమున, 3.00 నిష్పత్తి గల ఇరుసుతో యంత్రము నిమిషమునకు 2,500 మార్లు తిరుగును, 4.11 అయినచో దాదాపు 3,425 మార్లు. రెండవది చురుకుగా బయలుదేరును గాని, దూరప్రయాణమున మ్రోతయు, పెట్రోలు ఖర్చును పెంచును.

బ్రేకులలో డ్రమ్ము, డిస్కు అని రెండు విధములు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెమున జాగ్వారు కారు డిస్కు బ్రేకులతో గెలిచి వాని సత్తాను చాటినది. డిస్కు గాలికి త్వరగా చల్లారును, తడిసినను త్వరగా ఆరును. డ్రమ్ము వేడిని లోపల దాచుకొనును. కాని హ్యాండు బ్రేకు దానికి సులువుగా అమరును.

బ్రేకు వేయగానే బరువు ముందుకు వ్రాలి, వెనుక చక్రములు తేలికపడును. వెనుక బ్రేకులు మితిమీరిన బలము గలవైనచో ఆ చక్రములే ముందుగా బిగిసి, బండి గిరగిర తిరుగును. వానలో ఈ అపాయము హెచ్చు. కనుక మొదట ముందు చక్రములకు మంచి డిస్కులు ఉండవలెను. వెనుక డ్రమ్ములు చక్కగా నున్నచో సాధారణమైన వీథి బండికి అవియే చాలును. వెనుకకును డిస్కులే కావలెనన్నచో మాస్టరు సిలిండరును, వెనుక వత్తిడిని తగ్గించు కవాటమును వానికి సరిపోవునవిగా ఎన్నుకొనవలెను. హ్యాండు బ్రేకు లేని డిస్కులను వీథి బండికి కొనరాదు.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము ఇట్టి మార్పులకు హద్దులు ఏర్పరచినది; పనికి పూనుకొనకముందే రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

యంత్రపు బలము వీథి వీథంతయు వినును. బ్రేకుల బలమును ఎవరును గమనింపరు. కాని బంతి వెంట వీథిలోనికి పరుగెత్తి వచ్చు పసివానిని కాపాడునది ఆ బ్రేకులే.